పడవ యున్నది, రేవేది?

(ఎడపల్లిలో పఠనమందిర సభ్యుల యెదుట చేసిన ప్రసంగము)



ఎడపల్లిలో పడవలను గూర్చి ప్రసంగమేమని మీలో కొందరు నవ్వుకొనుచుందురు. నవ్వుటకు కారణము లేకపోలేదు. మనది వరియు, చెరకును, పసుపును పండించు నేల. నిజాంసాగరు కాలువ పొలములు తడుపుటకు త్రవ్వినదే గాని మనుష్యులను మోయుటకు త్రవ్వినది కాదు. బోధనులో 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో పని నిలుపువరకును చెరకు బండ్లమీదను, ట్రాక్టర్లమీదను, లారీలమీదను వచ్చినదే గాని పడవలమీద రాలేదు.

అయినను పడవ మనకు దూరపు వస్తువు కాదు. మన మండలములోనే ఠాణాకలాన్ యొద్ద అలీసాగరమున్నది. నవాబు అలీ నవాజ్ జంగు గారు నిజాంసాగరమును కట్టించిన కాలముననే, 1931లో, అదియు నిర్మితమైనది. ఇప్పుడది ఉద్యానవనముతో గూడిన విహారస్థలము. నిజామాబాదునుండి కుటుంబములు వచ్చి, పిల్లలను పడవ నెక్కించి, సాయంకాలమునకు ఇండ్లకు మరలుచున్నవి. ఇటు చూతుమా, రెంజలు మండలములోని కందకుర్తియొద్ద మంజీరయు, హరిద్రయు గోదావరిలో కలియుచున్నవి. ఆ మంజీర 2016వ సంవత్సరపు జాతీయ జలమార్గముల శాసనముచేత డెబ్బదియవ జాతీయ జలమార్గమైనది. సింగూరు ఆనకట్ట మొదలు కందకుర్తి సంగమమువరకు సుమారు 242 కిలోమీటర్లు. ఢిల్లీలో శాసనగ్రంథమును తెరచి చూచినచో మన యేరు రాజమార్గములతో సమానమైన మార్గము. గట్టున నిలిచి చూచినచో, నడుమ నిజాంసాగరు ఆనకట్ట అడ్డముగా నిలిచిన యేరు. శాసనమున కెక్కిన పేరు వేరు, గట్టున కట్టిన మెట్టు వేరు. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును గూర్చియే మా ప్రసంగము.

పడవ నడుచుటకు నీరున్న చాలునని మనమనుకొందుము. అట్లు కాదు. నిజాంసాగరు కాలువలో పడవ లేకపోవుటకు కారణము నీటి కొరత యొక్కటే కాదు. మన నేల యెత్తుపల్లముల నేల. కాలువ అచ్చటచ్చట మెట్టువలె ఒక్కసారి దిగిపోవును. పడవ ఆ దిగుడు దాటలేదు. వంతెనలు బండ్లకై కట్టినవి, వాని క్రింద మనిషి నిలువుగా నున్న పడవ పోజాలదు. నీరు తడులు తడులుగా వదలుదురు. నిండుకాలువను నమ్ముకొని బయలుదేరిన పడవ, తూములు మూసిననాడు బురదలో కూరుకొనును. కనుక ఆ కాలువలో పడవ లేదని మేము విచారించుట లేదు. విచారమంతయు, పడవలకే త్రవ్విన కాలువల గతి యేమైనదనియు, ఆ గతి నెరిగియు క్రొత్తగా జనులను నీటిమీదికి పిలుచువారు గట్టును మరచుచున్నారనియు.

ఇప్పుడు పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశములోని గోదావరీ కృష్ణా డెల్టాలను చూడుడు. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. విజయవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. కాటను దొర కాలువలను పొలములకు మాత్రమే త్రవ్వలేదు. రైళ్ళకంటె జలమార్గములే చవుకయని ఆయన జీవితాంతము వాదించెను. కనుక ఆ కాలువలకు వాలు మెల్లగా నుంచి, దిగుడున్న చోటులందెల్ల లాకులు కట్టిరి. లాకు నెరుగని పిల్లలు ఈ సభలో నున్నారు గనుక రెండు మాటలు చెప్పెదము. రెండు జతల తలుపుల నడుమ నొక తొట్టి. పైనుండి వచ్చిన పడవ తొట్టిలోనికి చేరగానే వెనుకటి తలుపులు మూసి, తూములు తెరచి, తొట్టిలోని నీటిని క్రిందిమట్టమునకు దింపుదురు. నీటితోబాటు పడవయు మెల్లగా దిగును. అప్పుడు ముందరి తలుపులు తెరచుకొనును. ఎక్కవలసిన పడవకు ఇదియే తలక్రిందులుగా జరుపుదురు. ఇందులో యంత్రమహిమ యేమియు లేదు. ఒక మనిషి, కొన్ని చక్రములు, కొంత ఓపిక.

ఆ మనిషిని గమనింపుడు. పడవవానికి అన్నింటికంటె ముఖ్యమైన సౌకర్యము ఆ మనిషియే. లాకుకడ ఒక అధికారి యుండెను. పడవవాడు రాత్రివేళ వచ్చినను పిలుచుటకు ఒక పేరుండెను. లాకుగట్టున చెట్లనీడ, దిగుటకు మెట్లు, త్రాడు కట్టుటకు గుంజ యుండెను. గాలి లేనప్పుడు పడవను త్రాడుతో లాగుకొని పోవువారికి గట్టువెంబడి నడకదారి యుండెను. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుదురు, తలుపులు బాగుచేయుదురు. ఇదంతయు దయాధర్మము కాదు. చెన్నపట్నపు ప్రభుత్వము 1890లో కాలువలకును బల్లకట్టు రేవులకును ప్రత్యేకముగా నొక శాసనమే చేసి, పడవలకు లైసెన్సులు పెట్టి సుంకము వసూలుచేసెను. పడవవాడు రుసుము చెల్లించెను, గట్టు అతనికి జవాబు చెప్పెను. పరాయి ప్రభుత్వము చేసినదని మేము దానిని పొగడుటయు లేదు, తెగడుటయు లేదు. లెక్క సరిగా నుండెనని మాత్రము చెప్పుచున్నాము.

ఈ పఠనమందిరములో తప్పక చెప్పవలసిన సంగతి యొకటి యున్నది. గ్రంథాలయోద్యమ ప్రముఖులు పాతూరి నాగభూషణము గారు గుంటూరు జిల్లా పెదపాలెమునుండి 1935లో పడవ గ్రంథాలయమును నడపిరి. కృష్ణా కాలువమీద కొల్లూరికిని పెదవడ్లపూడికిని నడుమ తిరుగు ప్రయాణికుల పడవలలో పుస్తకములుంచిరి. పడవ ప్రయాణము గంటలకొలది సాగును. లాకుకడ ముందున్న పడవలు దిగువరకు ఊరకే కూర్చుండవలెను. ఆ కూర్చున్న గంటలు వ్యర్థమై పోరాదని ఆ మహాశయునకు తోచినది. సంతకు పోవు రైతు, పుట్టింటికి పోవు ఆడపడుచు, పరీక్షకు పోవు పిల్లవాడు, వీరందరును ఆ పుస్తకములకు పాఠకులే. పడవనెక్కినవాడు సరకు కాడు, పౌరుడు; వానిని ఒక రేవునుండి మరియొక రేవునకు చేర్చుటయే గాక, నడుమనున్న కాలమును గూడ గౌరవింపవలెనన్న భావము అందులో నున్నది. మన యూరి పఠనమందిరమును నడుపువారికి ఈ ముచ్చట వినుట వేడుక గావచ్చును. మాకు మాత్రము కొంచెము సిగ్గుగూడ కలుగుచున్నది. తొంబది సంవత్సరముల క్రిందట పడవ ప్రయాణికునకు పుస్తకమందిన దేశమున, నేడు అతనికి మెట్లున్నవో లేవోయని మనము ప్రశ్నించుకొనుచున్నాము.

ఆ కాలువలు చెడినది ఒక్కనాట కాదు. రైలు వచ్చెను, పిదప లారీ వచ్చెను, పడవవాని రాబడి తగ్గెను. రాబడి తగ్గగానే గట్టుమీది మనిషి తగ్గెను. బకింగ్‌హాము కాలువ కథ అందరికిని తెలిసినదే. చెన్నపట్నమునుండి ఎన్నూరువరకు 1806లో మొదలైన ఆ కాలువ క్రమముగా పెరిగి, 1876-78 నాటి మహాక్షామమున కూలిజనులచేత మరికొంత త్రవ్వబడి, నాటి గవర్నరు పేరు వహించెను. పెదగంజామునొద్ద కొమ్మమూరు కాలువతో కలిసి కృష్ణనుండి చెన్నపట్నమువరకు ఒక్కటే నీటిబాట యయ్యెను. ఉప్పు, వంటచెరకు, ధాన్యము దానిమీదనే నడచెను. 1965, 66 సంవత్సరముల తుపానులు దానిని చెరచెను. చెరచినదానిని బాగుచేయువారు లేకపోయిరి. తుదకు చెన్నపట్నములో నగరపు రైలు వంతెన స్తంభములను ఆ కాలువగర్భముననే పాతిరి. నీటిమార్గము నడుమ రైలు స్తంభములు! ఇంతకంటె స్పష్టముగా ఎవ్వరు చెప్పగలరు? 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు, తీరమునకు సమాంతరముగా నున్న ఆ పాడుబడిన కాలువయే కొన్నిచోట్ల కెరటముల యుద్ధృతిని తగ్గించి ప్రాణములు గాచినది. మనము మరచినను అది తన పని చేసినది.

తరువాత మరల పేరు పెట్టుట మొదలైనది. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివరకు నున్న కాలువలను, గోదావరీ కృష్ణలలో కొంత భాగమును చేర్చి నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించిరి. 1078 కిలోమీటర్లు. 2016లో మరి నూటయారు మార్గములు వచ్చి చేరెను. వానిలోనిదే మన మంజీర. 2017 అక్టోబరులో ముక్త్యాల విజయవాడల నడుమ కృష్ణలో మొదటి దశ పనులకు శంకుస్థాపన జరిగెను. పేరు పెట్టుట మంచిదే. పేరు లేని బిడ్డకు జాతకము వ్రాయలేము. కాని పేరుపెట్టి ఉయ్యాలలో నుంచి, పాలు మరచిన తల్లిని ఏమందుము? విజయవాడ నడిబొడ్డున పారు కాలువలలో నేడు పడవలకంటె మురుగును, చెత్తయును ఎక్కువ.

ఇది సౌకర్యముల కొరత మాత్రమే యైనచో మేమింత దూరము వచ్చి మీ సాయంకాలమును తీసుకొనకపోదుము. 2017 నవంబరు 12వ తేదీన విజయవాడకు చేరువ నున్న పవిత్ర సంగమము కడ, అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మృతినొందిరి. కార్తికమాసపు ఆదివారము, దేవుని దర్శనమునకు పోవుచున్న జనము. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరునొద్ద, గోదావరి వరదలో నుండగా, పాపికొండలు చూడబోయిన విహారనౌక మునిగెను. దానిమీద డెబ్బదిమందికి పైగా నుండిరి, సగముకంటె ఎక్కువమంది తిరిగి రాలేదు. మన తెలంగాణపు కుటుంబములును అందులో నుండెను. నౌకను నదీగర్భమునుండి పైకి తీయుటకే అయిదు వారములు పట్టెను. దుర్ఘటన జరిగిన మరునాడు అందరును సరంగు తప్పెంత, యజమాని తప్పెంతయని తూచుచుందురు. తూచవలసినదే. అయితే గట్టున నిలిచి, “ఈ దినము నీరు ఉద్ధృతముగా నున్నది, పడవ కదలరాదు” అని చెప్పుటకు అధికారమున్న మనిషి యున్నాడా యని మొదట అడుగవలెను. వెనుకటి లాకుకడ నున్న మనిషి చేసిన పని యదియే. తలుపు తెరువనిదే పడవ కదలదు.

వకీలు వృత్తిలో నున్నవారము గనుక శాసనమును గూర్చి కొంచెము చెప్పుట మాకు తప్పదు. 1996లో సుప్రీంకోర్టు కమలనాథుని వ్యాజ్యములో, హిమాచలమందలి బియాసు నదిని గూర్చి తీర్పు చెప్పుచు, నదులును, తీరములును ప్రభుత్వమునకు సొంత ఆస్తి కావనియు, ప్రజలకై నమ్మికమీద నుంచుకొన్నవనియు నిర్ణయించెను. ఈ సూత్రము రోమనుల కాలమునాటిది. ఆంగ్లేయ న్యాయమున దీనివలన కాపాడబడిన హక్కులు మొదట మూడు: నావికాయానము, వర్తకము, చేపలవేట. మూటిలో రెండు పడవవానివి. నమ్మికమీద నుంచుకొన్న ఆస్తిని పాడుపెట్టుట ధర్మకర్తకు తగదని మనకు తెలియును. దేవాలయపు భూమిని గూర్చి ఇంతగా పోరాడు మనము, ఏటిగట్టును గూర్చి ఏల మాటాడము?

మరియొకటి. 1917 నాటి పాత శాసనమును రద్దుచేసి 2021లో దేశీయ నౌకల శాసనము చేసిరి. యంత్రముతో నడచు పడవకు తనిఖీయు, నమోదును, భీమాయు, ప్రాణరక్షక సాధనములును ఉండవలెను. నడుపువానికి యోగ్యతాపత్రముండవలెను. యంత్రము లేని పడవలను జిల్లా, తాలూకా, పంచాయతీ స్థాయిలలో నమోదుచేయు వీలును దానిలో కలదు. కనుక “పడవలు మా పరిధిలోనివి కావు” అని పంచాయతీ చేతులు దులుపుకొనుటకు వీలులేదు. సామాన్యముగా జరుగునది యేమనగా, నీరు ఒక శాఖది, తోట మరియొక శాఖది, పడవ గుత్తదారునిది, గట్టు ఎవ్వరిదియు కాదు. న్యాయస్థానములలో మేము చూచిన ప్రమాదపు వ్యాజ్యములలో సగము కాలము “అది మాది కాదు” అన్న జవాబులు చదువుటకే సరిపోవుచున్నది.

ఇతర దేశములలో దీనిని ఎట్లు చక్కబెట్టుకొనిరో చూడుడు. ఇంగ్లండు వేల్సులలో సరకు పడవలు పోయి చాలకాలమైనది. అయినను రెండువేల మైళ్ళ కాలువలును, నదులును 2012 మొదలు ఒక ధర్మసంస్థ పాలనలో నున్నవి. పడవవానికి అచ్చట మంచినీటి కొళాయి, మరుగుదొడ్డి, పడవలోని మలినమును పారబోయు స్థలము, చెత్తకుండీ యుండును. ఒక్క తాళపుచెవి కొనుక్కొన్నచో దేశమంతట ఆ గదులన్నియు తెరచుకొనును. వానిలో కొన్నింటిని మూసినందులకు, కొళాయి చెడిపోయినందులకు అచ్చటి పడవవారు గట్టిగా తగవులాడుచునే యున్నారు. తగవులాడుటకు ఎదుట ఒక సంస్థ యున్నది, అదియే భాగ్యము. అంత దూరమేల, కేరళమును చూడుడు. అచ్చట 1968 మొదలు రాష్ట్ర జలరవాణా శాఖ యున్నది. బస్సువలెనే వేళకు పడవ వచ్చును. రేవున వేచియుండుటకు నీడ యున్నది. 2017లో వైకములో సూర్యశక్తితో నడచు పడవను నీటిలో దింపిరి, 2023లో కొచ్చిలో జలమెట్రోను ఆరంభించిరి. నీరు వారికెక్కువ, మనకు తక్కువయని సమాధానము చెప్పుకొనవచ్చును. నీరు తక్కువైనంత మాత్రమున మెట్లు కట్టరాదా?

ఇంతవరకు విహారమునకు వచ్చువారిని గూర్చియే చెప్పితిమి. దినదినము నీటిమీద బ్రతుకువారు వేరే యున్నారు. చెరువులలోను, అలీసాగరు వంటి జలాశయములలోను, శ్రీరామసాగరపు వెనుకనీటిలోను చేపలు పట్టు గంగపుత్రులును, ముదిరాజులును ఉన్నారు. వీరిలో ఎందరికో పడవయన్నది పేరునకే. థర్మోకోలు తెప్పమీదను, లారీ ట్యూబుమీదను కూర్చుండి తెల్లవారుజామున వల దీయుచున్నారు. సెలవునాడు అరగంట విహరించు పట్టణవాసికి ప్రాణరక్షక చొక్కా తొడుగుచున్నాము గదా, అదే నీటిలో ఏడాదిపొడుగున తిరుగువానికి ఎవ్వరు తొడిగిరి? చేపపిల్లల నిచ్చు ప్రభుత్వము చేపలు పట్టువానికి దిగుటకొక మెట్టు నీయరాదా? పడవవాని సౌకర్యములని మేమన్నప్పుడు మొదట మా కన్నుల యెదుట నిలుచునది ఇతడే. ఇతనికి పనికివచ్చు రేవు విహారికిని పనికివచ్చును. విహారికై కట్టిన రంగురంగుల తోరణము ఇతనికి పనికిరాదు.

కాలువగట్టును గూడ మరువరాదు. పడవ లేకపోయినను మన కాలువ నిండుగా పారు దినములలో పిల్లలు ఈతకు దిగుదురు, స్త్రీలు బట్టలుతుక దిగుదురు, పశువులు దిగును. నిటారైన సిమెంటు గట్టున కాలు జారినవానికి పైకి ప్రాకుటకు పట్టు దొరకదు. వంతెన వంతెనకు నడుమ ఒక్కచోట మెట్లు, ఒక గొలుసు, ఒక త్రాడు కట్టిన ట్యూబు ఉన్నచో ఎంత ధనము వ్యయమగును?

మేము పెద్ద కోరికలు కోరుట లేదు. మంజీరలో స్టీమర్లు నడపుడని మేమడుగము. శాసనములో ఎక్కినంత మాత్రమున ఆనకట్టలు ప్రక్కకు తొలగవు. కందకుర్తికి పుష్కరములనాడు, 2015 జూలైలో వచ్చినట్లు, లక్షల జనము వచ్చినప్పుడు దీపములును, పోలీసులును, ఈతగాండ్రును వచ్చుచున్నారు. పండ్రెండు దినములు గడచిన పిదప వారితోబాటు సౌకర్యములును వెడలిపోవుచున్నవి. మిగిలిన పండ్రెండు సంవత్సరములును నీరక్కడనే యున్నది.

కనుక మొదటి పనిగా మేమొక అర్జీని సిద్ధము చేసితిమి. 2005వ సంవత్సరపు సమాచార హక్కు శాసనము క్రింద పంపదగిన యర్జీ. ముప్పది దినములలో జవాబీయవలెను. దానిలో అడిగినవి ఇవి: అలీసాగరములో నడచు పడవలెన్ని, వాని నమోదు ఎవరికడ, చివరి తనిఖీ ఎన్నడు, ఒక్కొక్క పడవలో ఎందరెక్కవచ్చునో పలక వ్రాసియున్నదా, ప్రాణరక్షక చొక్కాలలో పిల్లల కొలతవి ఎన్ని, గాలివాన దినమున పడవ కదలరాదని చెప్పు అధికారమెవరిది, ఆ యధికారి గట్టున నుండునా, పట్టణములో నుండునా, స్త్రీలకు మరుగుదొడ్డియు, మంచినీరును రేవునకు ఎంత దూరములో నున్నవి, బెస్తవారు దిగుటకు వేరు మెట్లున్నవా, నిజాంసాగరు ప్రధాన కాలువపై మన మండలపు పరిమితిలో పైకి ప్రాకుటకు మెట్లున్న చోట్లెన్ని, చివరకు, ఈ గట్టు ఏ శాఖది.

జవాబు వచ్చినపిమ్మట గ్రామసభలో చదివించి తీర్మానము చేయింతుము. జవాబు రానిచో అప్పీలు మేమే వ్రాసి, రుసుము తీసుకొనక నడపెదము. అర్జీ ప్రతులు ద్వారము చెంత బల్లమీద నున్నవి. చదివి సమ్మతించినవారు వ్రాలు చేయుడు. గంగపుత్ర సంఘపు పెద్దలు ఈ సభకు రాలేదు. ఆదివారము ఉదయము మేమే వారి వాడకు పోవుచున్నాము, మాతో రాదలచినవారు ఏడు గంటలకు ఇచ్చటికే రండు.